నీటికాసులు – వాని మూలవ్యాధులు

ఇంద్రియములన్నిటిలోను కన్ను ప్రధానమని మన పెద్దలు చెప్పుదురు. ఇంటిపనులన్నియు స్త్రీల కన్నులమీదుగనే జరుగుచుండును. బియ్యములోని రాళ్లు ఏరుట మొదలు సూదిలో దారమెక్కించుటవరకు, పాలలెక్క సరిచూచుట మొదలు పసిబిడ్డ ముఖము చూచి జ్వరము గుర్తించుటవరకు కన్ను లేనిదే గడవదు. అట్టి కంటికి వచ్చు వ్యాధులలో మిక్కిలి మోసకరమైనది నీటికాసులు. వైద్యులు దీనిని గ్లాకోమా యందురు.

ఆసుపత్రినుండి ఇంటికి పంపునపుడు ఇచ్చు కాగితములమీద వ్యాధి పేరు ప్రక్కన ఒక ఆంగ్లాక్షరమును కొన్ని అంకెలును ఉండుట మీలో పలువురు చూచియే యుందురు. నీటికాసుల రోగి కాగితముమీద 'హెచ్ 40' అనియో 'హెచ్ 42' అనియో యుండును. అవి ఆసుపత్రివారి లెక్కలకు సంబంధించినవని తలచి, కాగితమును మడిచి బీరువాలో పెట్టుదుము. కాని ఆ యక్షరములలో మనకు కావలసిన విషయమొకటి ఇమిడియున్నది. ఈ వ్యాధి కంటిలో తనంతట పుట్టినదా, లేక మరియొక వ్యాధి దీనిని కన్నదా యను సంగతిని అవి తెలుపును. ఈ భేదమును గృహిణి యెరిగియుండినచో ఒక్కొకప్పుడు చూపు నిలుచును. ఎరుగకున్న ఒక్కొకప్పుడు చూపు పోవును. కావున దీనినిగూర్చి సోదరీమణులకు కొంత విన్నవింతును.

వ్యాధి స్వరూపము

కంటి ముందుభాగమున లోపల స్వచ్ఛమైన నీరు ఎల్లప్పుడును ఊరుచుండును. ఇది కన్నీరు కాదు. కన్నీరు కంటికి వెలుపలిది, ఇది లోపలిది. నల్లగ్రుడ్డుకును, కనుపాపచుట్టు నుండు రంగుపొరకును నడుమ ఒక మూల కలదు. ఆ మూలయందు సన్నని జల్లెడవంటి దారి యున్నది. ఊరిన నీరు ఆ దారిన పోయి రక్తములో కలియును. ఊరినంతయు పోవుచున్నంతవరకు కంటిలోని ఒత్తిడి సమముగ నుండును. పాదరసపు కొలతను బట్టి సామాన్యముగ నిది 10 మొదలు 21 మిల్లీమీటర్లవరకు నుండును. దారి మూసికొన్నయెడల, తూము పూడిన తొట్టివలె, కన్ను నీటితో బిగిసి ఒత్తిడి పెరుగును. ఆ యొత్తిడి కంటివెనుకనున్న దృష్టినాడిని క్రమముగ నలిపివేయును. కొందరికి ఒత్తిడి అంతగా హెచ్చకయే నాడి చెడుటయు కలదు.

నలిగిన నాడి మరల చిగురింపదు. ఈ కారణముచేత నీటికాసులకును శుక్లమునకును గల భేదమును అందరును తెలిసికొనవలెను. శుక్లమనగా కంటిలోని కటకము మసకబారుట. దానిని తీసి కృత్రిమకటకమును పెట్టినయెడల, కంటిలో వేరు చెడుగు లేనిచో, చూపు తిరిగివచ్చును. నీటికాసులచే పోయిన చూపు ఏ మందుచేతను, ఏ శస్త్రముచేతను తిరిగిరాదు. ఉన్న చూపును కాపాడుకొనుటయే చికిత్సవలన కలుగు ఫలము.

ఈ వ్యాధి రెండు తీరుల వచ్చును. ఒకటి హఠాత్తుగ వచ్చునది. కన్ను ఎఱ్ఱబడి, భరింపరాని నొప్పి పుట్టి, దీపముచుట్టు రంగుల వలయములు కనిపించును. వాంతులగుటచే పైత్యమని భ్రమపడి ఇంటనే కషాయములిచ్చి కాలము గడుపువారు కలరు. రెండవది నొప్పిలేక, ఎఱుపులేక మెల్లగ వచ్చునది. మొదట ప్రక్కచూపు పోవును. ఎదుటిచూపు నిలిచియుండుటచే రోగికి తెలియదు. నడచునపుడు గడపలు తగులుట, ప్రక్కనున్న చెంబు తన్నుకొనుట చూచి ముసలితన మనుకొందురు.

ఒక వ్యాధి మరియొక వ్యాధిని కనుట

వేరొక కారణము కానరాక, నీరుపోవు దారి తనంతట చెడుటచే వచ్చు నీటికాసులు మొదటి జాతి. మరియొక వ్యాధియో, దెబ్బయో, మందో కారణముగ వచ్చునవి రెండవ జాతి. ఈ రెండవ జాతియందు కన్ను నేరస్థురాలు కాదు. నేరము వేరొకచోట జరిగినది. మన యిండ్లలో సామాన్యముగ కనిపించు కారణములను చెప్పెదను.

మొదటిది మధుమేహము. చక్కెర చాలకాలము అదుపులో లేనిచో కంటివెనుక పొరలోని సన్నని రక్తనాళములు చెడి, ఆ పొరకు ప్రాణవాయువు చాలదు. అప్పుడు కన్ను క్రొత్తనాళములను పుట్టించుకొనును. ఇవి బలహీనములు, అక్కరకు రానివి. కలుపుమొక్కలవలె రంగుపొరమీదుగ ప్రాకి నీరుపోవు మూలను మూసివేయును. ఇట్లు వచ్చు నీటికాసులు మిక్కిలి మొండివి. ఒత్తిడి తగ్గించు చుక్కలు మాత్రము వేసి ఊరకుండిన ప్రయోజనము తక్కువ. కంటివెనుక పొరకు లేజరు కిరణముల చికిత్సయో, క్రొత్తనాళములను అణచు సూదిమందో జరుగవలెను. చక్కెరయు రక్తపుపోటును అదుపులోనికి రావలెను. కంటివెనుక రక్తనాళము హఠాత్తుగ పూడిపోయినవారికిని కొన్ని వారములలోనో నెలలలోనో ఇట్టి కీడు రావచ్చును.

రెండవది ముదిరిపోయిన శుక్లము. పొర బాగుగ ముదిరినపిదపనే శస్త్రము చేయవలెనని పూర్వము వైద్యులు చెప్పెడివారు. ఆనాటి పద్ధతులకు అది తగియుండెను. నేటి శస్త్రమునకు ఆ నిరీక్షణ అక్కరలేదు. అయినను ఇంటిలోని నాయనమ్మలు, అమ్మమ్మలు తమ శస్త్రమును కోతలు కానిమ్మని, మనుమరాలి పెండ్లి కానిమ్మని వాయిదా వేయుచుందురు. మగవారికైన వెంటనే జరుగు వైద్యము ఆడువారికి ఏడాది వెనుకకు పోవుట మన సంసారములలో క్రొత్త కాదు. ఇంతలో కటకము ఉబ్బి నీటిదారిని మూయవచ్చును. లేక లోన కరగి, ఆ ద్రవము జల్లెడను పూడ్చవచ్చును. అంతవరకు తేలికగ కుదురవలసిన శుక్లము, కుదురని నీటికాసులుగ మారును.

మూడవది మందు. పిల్లలకు వేసవిలో కండ్లు దురదపెట్టి ఎఱ్ఱబడినపుడు స్టీరాయిడు అను జాతి చుక్కలను వైద్యులు కొలదిదినములకు వ్రాయుదురు. వానిచే దురద వెంటనే శమించును. ఆ గుణము చూచి తల్లి పాతచీటితోనే మందులషాపునుండి మరల మరల తెప్పించి వేయుచుండును. కొందరికి ఈ మందుచే కొన్ని వారములలోనే కంటియొత్తిడి హెచ్చును. నొప్పి యుండదు, దురదయు లేదు, పిల్లవాడు చక్కగనున్నాడని తల్లి సంతోషించుచుండ నాడి నలుగుచుండును. ఉబ్బసమునకు, కీళ్లవాతమునకు, చర్మవ్యాధులకు ఇదే జాతి మందు చాలకాలము వాడువారును అప్పుడప్పుడు కంటియొత్తిడి చూపించుకొనవలెను. కాని వైద్యుని అడుగక మందును హఠాత్తుగ మానుటయు ప్రమాదమే.

నాలుగవది దెబ్బ. బిళ్లంగోడు ఆటలో బిళ్ల, క్రికెట్టు బంతి, దీపావళి బాణసంచా కంటికి తగిలినపుడు ఎఱుపు తగ్గగనే దానిని మరచెదము. లోపలి మూల చినిగియున్నచో ఏండ్లు గడచినపిదప ఆ కంటికి నీటికాసులు రావచ్చును. బాల్యములో తగిలిన దెబ్బను నలువదియేండ్ల వయస్సున వైద్యునికి చెప్పవలెనని ఎవరికి తోచును?

ఐదవది కంటి లోపలి వాపు. కీళ్లవాతము గల చిన్నపిల్లలకును, క్షయ మొదలగు రోగములు గలవారికిని ఇది రావచ్చును. వాపుచే నీటిదారి అంటుకొనిపోవును.

వంటయింటినుండియే నీటికాసులు వచ్చిన ఉదాహరణమొకటి మన దేశచరిత్రలో కలదు. ఆవనూనె వాడు ప్రాంతములలో కాళ్లు వాచి, గుండె బలహీనపడి, కొందరికి కంటియొత్తిడి హెచ్చెడి ఒక వ్యాధి గుంపులు గుంపులుగ వచ్చెడిది. 1877లో కలకత్తాలో దీనిని వైద్యులు మొదట వర్ణించిరి. అంటువ్యాధియని చాలకాలము తలచిరి. బలురక్కసి, బ్రహ్మదండి యని మనవారు పిలుచు పసుపుపూవుల ముండ్లమొక్క గింజలు ఆవాలను పోలియుండును. ఆ గింజల నూనె ఆవనూనెలో కలియుటయే కారణమని 1926 మొదలు తేలసాగెను. 1998లో ఢిల్లీ నగరమున ఈ కల్తీవలన 60 మందికి పైగ మరణించిరి. సుమారు 3,000 మంది రోగులైరి. కలకత్తా, ఖరగ్‌పూరు ప్రాంతములలో కాపురమున్న తెలుగు సోదరీమణులు ఈ సంగతి మరువరాదు. కంటిలో చుక్కలు వేయుచు అదే నూనెతో వంట చేయుచున్నయెడల ఏమి లాభము? మూలము తెలిసినగాని చికిత్స పూర్తికాదనుటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము లేదు.

రోగములకు అంకెలు వచ్చిన విధము

ఇక అంకెల సంగతి. పూర్వము ఒక్క వ్యాధినే ఒక్కొక వైద్యుడు ఒక్కొక పేరుతో వ్రాసెడివాడు. ఇంగ్లండులో జననమరణముల లెక్కలు చూచిన విలియం ఫార్ అను నాతడు, ఒక్క రోగమునకే మూడు నాలుగు పేర్లున్నవనియు, ఒక్క పేరే పలు రోగములకు వాడబడుచున్నదనియు 1839లోనే మొరపెట్టెను. 1853లో బ్రస్సెల్సు నగరమున కూడిన లెక్కలశాస్త్రజ్ఞులు అన్ని దేశములకు ఒకే పట్టిక కావలెనని నిశ్చయించి, ఆ పనిని ఫార్‌కును, జెనీవావాడైన మార్క్ డెస్పిన్‌కును అప్పగించిరి. 1860లో లండను సభకు, ఆసుపత్రులన్నియు రోగుల లెక్కలను ఒకే తీరున వ్రాయవలెనను ప్రతిపాదనను పంపినది ఒక స్త్రీ. ఆమె ఫ్లారెన్సు నైటింగేల్. దీపము చేతబట్టి రోగుల నడుమ తిరిగిన దయామూర్తిగనే మనము ఆమెను ఎరుగుదుము. లెక్కలలో ఆమెకు గల పాండిత్యమును తక్కువమంది యెరుగుదురు.

1893లో పారిసు నగరపు గణాంకశాఖాధిపతి జాక్ బెర్టిలాన్ మరణకారణముల పట్టికను చికాగోలో సమర్పించెను. అది క్రమముగ దేశదేశముల వ్యాపించెను. 1948లో ఆరవ కూర్పునాటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పనిని తన చేతిలోనికి తీసికొనెను. అప్పటినుండి మరణకారణములే గాక వ్యాధులు సయితము పట్టికలో చేరినవి. పదవ కూర్పు 1990లో అంగీకరింపబడెను. పదునొకండవది 2019లో అంగీకరింపబడి 2022 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. అయినను పదవ కూర్పు అంకెలే ఇప్పటికిని అనేక ఆసుపత్రుల కాగితములమీద కనిపించుచున్నవి.

పదవ కూర్పునందు కంటివ్యాధులకు 'హెచ్' అను అక్షరము ఇచ్చిరి. నీటికాసులు 'హెచ్ 40'. దాని తరువాత చుక్కపెట్టి వ్రాయు అంకె జాతిని తెలుపును. 40.1 యనగా నీటిమూల తెరచియుండి తనంతట వచ్చినది; 40.2 మూల మూసికొని వచ్చినది, 40.3 దెబ్బచే వచ్చినది, 40.4 కంటివాపుచే వచ్చినది, 40.5 కంటిలోని ఇతర వ్యాధులచే వచ్చినది, 40.6 మందులచే వచ్చినది. ఏ జాతియో తెలుపనిచో 40.9 అని వ్రాయుదురు. ఇంటిఖర్చుల పుస్తకములో 'చిల్లర ఖర్చులు' అని వ్రాసిన పద్దువంటిది ఇది. మొత్తము తెలియును గాని రూపాయి ఎక్కడికి పోయెనో తెలియదు.

దేహములోని వేరొక వ్యాధి నీటికాసులను కన్నపుడు దానికి 'హెచ్ 42' అను ప్రత్యేకస్థానము కలదు. ఇందొక చక్కని నియమమున్నది. మూలవ్యాధి అంకెప్రక్కన చిన్న కత్తిగుర్తును, దానివలన కలిగిన వ్యాధి అంకెప్రక్కన నక్షత్రపుగుర్తును ముద్రించిరి. నక్షత్రపుగుర్తు గల అంకెను ఒంటరిగ వ్రాయరాదు. కత్తిగుర్తు గల మూలవ్యాధి దానితోకూడ నుండితీరవలెను. హెచ్ 42 నక్షత్రపుగుర్తు గలది. తల్లిపేరు లేక బిడ్డపేరు మాత్రము వ్రాసిన చిట్టా చెల్లదన్నమాట. పదునొకండవ కూర్పులో ఈ గుర్తులు పోయి, రెండు సంకేతములను గీతతో జోడించు పద్ధతి వచ్చినది. భావము మాత్రము అదియే.

హెచ్ 42 క్రింద చెప్పు మూలవ్యాధులలో లో అను వైద్యుని పేరిట పిలువబడు వ్యాధి యొకటి. దీనిని అమెరికాలో 1952లో వర్ణించిరి. ఇది మగబిడ్డలకు వచ్చును. పుట్టుకతోనే కండ్లలో శుక్లములు, పలువురికి నీటికాసులు, మూత్రపిండముల లోపము, బుద్ధిమాంద్యము కలుగును. తల్లి దేహములో దాగియున్న బీజదోషము బిడ్డకు సంక్రమించుటయు, ఆమె ఆరోగ్యవతిగనే యుండుటయు ఇందు విశేషము. కొన్ని సందర్భములలో తల్లియందు లేకయే బిడ్డయందు క్రొత్తగ పుట్టుటయు కలదు. ఇందు తల్లిచేసిన తప్పేమియు లేదు. గ్రహణమునాడు బయటికి వచ్చెననియో, పథ్యము తప్పెననియో ఆమెను నిందించు పెద్దలకు ఈ సంగతి ఎవరైన నచ్చజెప్పవలెను.

అమెరికావారు 2015 అక్టోబరు 1వ తేదీనుండి పదవ కూర్పును తమకు తగినట్లు విస్తరించి వాడుచున్నారు. అందు మధుమేహముచే వచ్చిన నీటికాసులకు మూలవ్యాధి సంకేతమును ముందు వ్రాయవలెను. రెండవరకపు మధుమేహమైనచో 'ఇ 11.39' అని ముందు వ్రాసి, నీటికాసుల జాతిని పిదప వ్రాయవలెను. క్షయచే వచ్చినదానికి క్షయ సంకేతములలోనే చోటు. మందుచే వచ్చినచో ఆ మందును తెలుపు సంకేతమును కూడ చేర్పవలెను. దెబ్బ, వాపు మొదలగు వానిచే వచ్చినపుడు ఏ కన్నో, వ్యాధి ఎంత ముదిరినదో సయితము అంకెలే చెప్పును. హైదరాబాదు, చెన్నపట్టణములలో అమెరికా ఆసుపత్రుల కాగితములకు ఈ సంకేతములు వ్రాయు ఉద్యోగములను మన ఆడుపడుచులు పలువురు చేయుచున్నారు. వారికీ నియమములు కరతలామలకములు. కాని వారును వైద్యుడు వ్రాసినదానికే అంకె వేయగలరు. వ్రాయనిదానిని ఊహించి చేర్పరాదు.

ఇందువలన మనకేమి?

అంకె తప్పిన కొంపలు మునుగునా యని అడుగవచ్చును. మూడు విధముల నష్టము కలదు.

మొదటిది రోగికి. కాగితముమీద నీటికాసులని మాత్రమే యుండి మధుమేహము మాట లేకున్నయెడల, తరువాత చూచు వైద్యుడు చుక్కలు మార్చునేకాని చక్కెరసంగతి అడుగకపోవచ్చును. 1909లో మన మదరాసు ప్రభుత్వ నేత్రవైద్యాలయమున రాబర్టు హెన్రీ ఎలియట్ దొర కంటిగోడకు సన్నని రంధ్రముచేసి నీటికి దారికల్పించు శస్త్రమును ప్రవేశపెట్టెను. అది లోకమంతట ప్రసిద్ధికెక్కెను. నేడు అంతకంటె మేలైన శస్త్రములు వచ్చినవి. కాని క్రొత్తనాళములు ప్రాకిన కంటిలో, మూలమును అణపక చేసిన దారి రక్తము కారియో మచ్చకట్టియో తరచుగ మూసికొనిపోవును.

రెండవది కుటుంబమునకు. భీమాసంఘమువారు డబ్బు చెల్లించుటకు ఈ సంకేతములను చూతురు. చేసిన చికిత్సకును వ్రాసిన వ్యాధికిని పొంతన లేనిచో చెల్లింపు ఆగును. కంటివ్యాధియని మాత్రమే వ్రాసి, చక్కెరకు చేసిన వైద్యపు ఖర్చు అడిగినయెడల వారు ప్రశ్నింపక మానరు.

మూడవది దేశమునకు. ఏ కారణముచే ఎంతమంది చూపు కోల్పోవుచున్నారో తెలిసినగాని ప్రభుత్వము ఎచ్చట ఏమి చేయవలెనో తెలియదు. స్టీరాయిడు చుక్కలచే చెడిన పిల్లల కండ్లన్నియు 40.9 అను చిల్లరపద్దులో కలిసిపోయిన, ఆ చుక్కలను చీటిలేక అమ్ముట నాపవలెనని ఎవరు చెప్పగలరు? శుక్లము ముదిరి గ్రుడ్డివారైన ముసలమ్మలు ఎందరో లెక్కకు రానిచో, వారికొరకు పల్లెలలో శిబిరములు పెట్టుట ఎట్లు?

గృహిణి చేయదగినది

అంకెలు వ్రాయుట మన పని కాదు. ఆ యంకెలకు ఆధారమైన మాట చెప్పుట మన పని. వైద్యుడు తాను చూచినదానిని, మనము చెప్పినదానిని వ్రాయును. ఇంటివారి వ్యాధులు, మందులు, దెబ్బలు ఎవరికి జ్ఞాపకముండును? మామగారు ఎన్నియేండ్లనుండి చక్కెరమందు మ్రింగుచున్నారో, అత్తగారి శుక్లము ఏ సంవత్సరమున కనుగొనబడెనో, పిల్లవానికి ఏ సీసాలోని చుక్కలు ఎన్ని నెలలు వేసితిమో ఇంటి ఇల్లాలే చెప్పగలదు.

కంటివైద్యునికడకు పోవునపుడు ఇంటిలో వాడిన మందులసీసాలన్నియు సంచిలో వేసికొనిపొండు. మధుమేహము, రక్తపుపోటు, క్షయ, కీళ్లవాతము, ఉబ్బసము ఉన్నచో దాచక చెప్పుడు. కంటికి తగిలిన దెబ్బ ఎంత పాతదైనను చెప్పుడు. తల్లిదండ్రులకుగాని తోబుట్టువులకుగాని నీటికాసులున్నవేమో చెప్పుడు. ఇది వంశములలో నడచును. పిమ్మట వైద్యుని ఒక ప్రశ్న అడుగుడు: "అయ్యా, ఈ నీటికాసులు తమంతట వచ్చినవా, వేరొక కారణమున్నదా?" కారణమున్నదనినచో దానిని కాగితముమీద వ్రాయుమని మర్యాదతో కోరుడు. సందేహములేక చెప్పగల వైద్యుడు సంతోషముతో వ్రాయును.

మధుమేహము గలవారు చూపు బాగుగనున్నను ఏటేట కంటివెనుక పొరను చూపించుకొనవలెను. నలువదియేండ్లు దాటినవారు కంటియొత్తిడిని, దృష్టినాడిని పరీక్ష చేయించుకొనుట మంచిది. పాతచీటితో కంటిచుక్కలు తెప్పించు నలవాటు మానవలెను. ముదిరిన శుక్లమును పెండ్లిండ్లకొరకు, పంటలకొరకు వాయిదా వేయరాదు.

ఒక్క మాట చెప్పి ముగింతును. ఇంటిలో అందరి రోగములను జ్ఞాపకముంచుకొను ఇల్లాలు తన రోగమును మరచుట సాధారణము. తన తలనొప్పిని, తన మసకచూపును పనులనడుమ త్రోసిపుచ్చును. చేతులు కాలినపిదప ఆకులు పట్టుకొన్నచందముగ, చూపు పోయినపిదప ఆసుపత్రికి పోయిన ఫలమేమి? బీరువాలోని కాగితములలో మీ పేరిట కాగితము ఒకటైన ఉన్నదేమో నేడే చూచుకొనుడు. లేనిచో ఈ నెలలోనే ఒకనాడు తీరిక చేసికొని కండ్లు పరీక్ష చేయించుకొనుడు.